ఎక్స్‌రేకు దొరకని సలుపు



మాది వడ్డాది. చోడవరం దాటి మాడుగుల వైపు వెళ్తుంటే పెద్దేరు ఒడ్డున వచ్చే ఊరు. నిన్నమొన్నటి దాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మత్స్య వంశపు రాజులు ఏలిన ఒడ్డాది ఇదేనని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. నేను పెరిగిన వడ్డాదిలో మాత్రం పొద్దుపోయాక ప్రతి అరుగు మీదా వినిపించే మాట నడుం గురించే.

చెరకు కొట్టే రోజుల్లో మా అమ్మ పొద్దుటి నుంచి మోపులు మోసి, సాయంత్రం ఇంటికొచ్చి, పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి రాళ్లుప్పు వేయించేది. ఉప్పు చిటపటలాడడం ఆగాక పాత చీర ముక్కలో మూట కట్టి నా చేతికిచ్చి బోర్లా పడుకునేది. నేను ఆ మూటను మెల్లగా అద్దుతూ ఉండేవాణ్ణి. ఎక్కువ వేడిగా ఉంటే ఒక్కసారి ఊపిరి బిగపట్టేది, అంతే. ఏమీ అనేది కాదు. కొన్ని రాత్రులు పది నిమిషాల్లో నిద్రపోయేది. కొన్ని రాత్రులు ఎంత కాపినా నొప్పి లొంగేది కాదు. మోసిన మోపులు రెండు రోజులూ ఒకటే, మూటా అదే, చేతులూ నావే. ఒక రోజు తగ్గి ఇంకో రోజు ఎందుకు తగ్గదో నాకు అర్థమయ్యేది కాదు. డాక్టరు చదువు పూర్తయ్యాక కూడా చాలా ఏళ్లు అర్థం కాలేదు.

ఆ చదువు అయ్యాక ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన గుడ్డ సంచి. సంచిలో నాలుగు ఎక్స్‌రేలు, పట్నంలో తీయించిన ఎమ్మారై ఫిల్ము, మందుల చీటీలు. వానాకాలం తేమకు ఆ ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే చర్రుమని చప్పుడొచ్చింది. కిటికీ వెలుగుకు ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. ఆ వయసులో చాలామందికి ఉండే అరుగుదల తప్ప ఏమీ లేదు. బయట ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. "నీకేం లేదమ్మా" అన్నాను.

ఆమె ఫిల్ములన్నీ సంచిలో సర్దుకుని, తల వంచుకునే, "ఏటీ నేకపోతే ఈ సలుపెక్కడ్నుంచొచ్చింది బాబూ? నాను అబద్దమాడతన్నానా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నొప్పి మాత్ర రాసి పంపించేశాను. ఆ ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే, మన దేశంలోనే ఒక మానసిక వైద్యుడు ఈ ప్రశ్న మీదే జీవితంలో పెద్ద భాగం గడిపారని తెలిసింది. ఈ రోజు ఆయన పని గురించి చెప్పాలని వచ్చాను.

ఆయన పేరు సంతోష్ చతుర్వేది. తెలుగువారు కారు. ఆయన పనిచేసిన బెంగళూరు నిమ్హాన్స్ మాత్రం మనకు పరాయిది కాదు. 1974లో పాత మైసూరు రాష్ట్ర మానసిక వైద్యశాలనూ, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి రైళ్లలో, బస్సుల్లో వెళ్లే తెలుగువాళ్లకు అది దగ్గరి పెద్దాసుపత్రి.

ఆయన మొదటి పరిశోధనలు చండీగఢ్‌లో జరిగాయి. వి.కె. వర్మ, ఎ. మల్హోత్రాలతో కలిసి 1984లో 'పెయిన్' అనే అంతర్జాతీయ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఏ పరీక్షలోనూ కారణం దొరకని, ఏ మందుకూ లొంగని నొప్పితో తిరిగేవాళ్ల మీద చేసిన అధ్యయనం అది. బెంగళూరు వచ్చాక ఆయన దృష్టి ఇంకో వైపు మళ్లింది. మానసిక వైద్యశాల ఓపీకి వచ్చేవాళ్లలో దీర్ఘకాలపు నొప్పి ఎంతమందికి ఉందో లెక్క తీయడం మొదలుపెట్టారు. 1986లో, 1987లో ఆ వ్యాసాలు వచ్చాయి. ఇప్పుడు వింటే మామూలుగానే అనిపించవచ్చు. ఆ రోజుల్లో నొప్పి అంటే ఎముకల డాక్టరుది, మనసు అంటే పిచ్చి డాక్టరుది అని గోడ కట్టేసి ఉంది. గోడకు ఇవతల కూర్చుని, నా దగ్గరికొచ్చే మనిషికి నడుం ఎందుకు నొప్పెడుతోంది అని అడగడానికి ధైర్యం కావాలి.

ఆయన ఎత్తుకున్న వాటిలో నన్ను బాగా కదిలించింది మాత్రం ఆడవాళ్ల విషయం. రేడియోలో చెప్పడానికి కొంత మొహమాటంగా ఉంటుంది. అయినా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట చెప్పుకోలేకే మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు ఏళ్ల తరబడి కుమిలిపోతున్నారు. తెల్లబట్ట అవుతోంది, నీరసం, నడుం లాగేస్తోంది, కాళ్లు తీపులు. ఈ నాలుగూ కలిపి ఒకే గుక్కలో చెప్పే ఆడమనిషి రాని రోజు నా ఓపీలో ఒక్కటీ లేదు. ఒంట్లోంచి సత్తువ అలా కారిపోతోందని, ఎముకలు కరిగిపోతున్నాయని వాళ్ల నమ్మకం. చతుర్వేది, ప్రభా చంద్ర తదితరులు 1990లలో బెంగళూరులో ఇదే ఫిర్యాదుతో వచ్చే స్త్రీల మీద పనిచేశారు. పరీక్ష చేస్తే రోగమేమీ లేని మామూలు స్రావం. దాని చుట్టూ మాత్రం ఒళ్లు నొప్పులు, నీరసం, దిగులు అల్లుకుని ఉన్నాయి. ఒంట్లోని ప్రతి బాధకూ వాళ్లు ఆ స్రావాన్నే కారణంగా చూస్తున్నారు. నోరు తెరిచి చెప్పుకోదగ్గది వాళ్లకు అదొక్కటే.

తర్వాత గోవాలో విక్రమ్ పటేల్ అనే మానసిక వైద్యుడి బృందం ఇంటింటికీ తిరిగి దాదాపు 2,500 మంది స్త్రీలతో మాట్లాడి, పరీక్షలు చేసి చూసింది. 2005లో ఫలితాలు వచ్చాయి. ఈ ఫిర్యాదుకు అంటువ్యాధులతో ఉన్న సంబంధం కంటే దిగులుతో, ఇంటి పరిస్థితులతో ఉన్న సంబంధమే గట్టిదని తేలింది. ఆ వ్యాసం చదివిన రోజు నేను రాసిన వందల యాంటీబయాటిక్ చీటీలు కళ్ల ముందు తిరిగాయి. అవన్నీ అవసరం లేనివని అనడం లేదు. చీటీ రాస్తూ తలెత్తి ఒక్క ప్రశ్న అడగలేదే అని బాధ.

చాలాకాలం పడమటి దేశాల పుస్తకాల్లో ఒక అభిప్రాయం ఉండేది. మన దేశం లాంటి చోట్ల మనుషులకు మనసులోని బాధ చెప్పుకోవడం రాదని, అందుకే దాన్ని ఒంటి నొప్పిగా మార్చుకుంటారని. అది తప్పని 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో సేకరించిన సమాచారం అది. మన బెంగళూరు కూడా వాటిలో ఒకటి. మామూలు డాక్టర్ల దగ్గరికి వచ్చినవాళ్లలో 1,146 మందికి డిప్రెషన్ ఉన్నట్టు గుర్తించారు. వాళ్లలో 69 శాతం మంది డాక్టరుకు మొదట చెప్పింది ఒంటి బాధలే. తలనొప్పి, నడుం నొప్పి, నీరసం. ఇది ధనిక దేశాల్లోనూ ఉంది, పేద దేశాల్లోనూ ఉంది.

అందులోనే ఇంకో అంకె ఉంది. మనసులో ఏమైనా దిగులుందా అని నేరుగా అడిగినప్పుడు, లేదని చెప్పినవాళ్లు 11 శాతమే. తక్కినవాళ్లంతా ఉందని చెప్పారు. వాళ్లకు మాటలు లేక కాదు. అప్పటిదాకా అడిగినవాళ్లు లేరు.

మాటల సంగతి వచ్చింది కనుక కాస్త ఆగుతాను. నొప్పికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సలుపు వేరు, పోటు వేరు. తలలో పోటు వస్తుంది, పుండు సలుపుతుంది. నడుం పట్టేస్తుంది, మెడ కలుక్కుమంటుంది, పిక్కలు గుంజేస్తాయి, కీళ్లు పీకేస్తాయి, నరం జివ్వుమంటుంది, కాళ్లు తీపులు తీస్తాయి, అరికాళ్లు మంటలు, వేళ్లు తిమ్మిర్లు. మా అమ్మ వీటిలో ఒకదానికి బదులు ఇంకోటి వాడేది కాదు. రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఈ పనే చేశాడు. రోగులు నొప్పికి వాడే మాటల్ని సేకరించి, 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చి 1975లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నారు. ఆ గుంపుల్లో కొన్ని ఒంటికి తగిలే తీరును చెబుతాయి. కొన్ని భయాన్ని, అలసటను, ప్రాణం విసిగిపోవడాన్ని చెబుతాయి. నొప్పిని కొలవాలంటే రెండూ కావాలని ఆయన పట్టుబట్టాడు.

ఇక మన 'బాధ' అనే మాట చూడండి. పంటి బాధ అంటాం, కొడుకు దూరమైన బాధ అంటాం. అందులో ఎంత ఒంటిదో ఎంత మనసుదో విడదీసి అడిగితే మన పల్లెలో ఎవరికీ అర్థం కాదు. అర్థం కాకపోవడమే సరైనదని ఇప్పుడు శాస్త్రం కూడా అంటోంది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లోనే దాన్ని ఇంద్రియానికి, మనసుకు కలిపి కలిగే అనుభవంగా నిర్వచించింది. 2020లో శ్రీనివాస రాజా అధ్యక్షతన ఒక బృందం ఆ నిర్వచనాన్ని సవరించి, దానికి కొన్ని వివరణలు జతచేసింది. నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి అన్నది వాటిలో ఒకటి. నాకు ఆ పొద్దు ఎదురైన ప్రశ్నకు అదే జవాబు. ఆమె అబద్ధమాడడం లేదు.

మరి ఎముకలో, కండరంలో దెబ్బ లేకుండా నొప్పి ఎలా వస్తుంది? ఇదే మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1965లో ఒక సిద్ధాంతం చెప్పాడు. మా పొలాల భాషలో చెబుతాను. కాలువకు తూము ఉంటుంది. కాలువ నిండా నీళ్లున్నా తూము మూస్తే మడిలోకి చుక్క రాదు. తూము పూర్తిగా ఎత్తేస్తే కొద్ది నీళ్లకే మడి మునుగుతుంది. వెన్నుపాములో అలాంటి తూము ఉందన్నారు వాళ్లు. కాలి నుంచి, నడుం నుంచి వచ్చే కబురు ఎంత పైకి పోవాలో అక్కడ తేలుతుంది. ఆ తూమును ఎత్తే చెయ్యీ, దించే చెయ్యీ పైన మెదడులో కూడా ఉన్నాయి. భయం, దిగులు, నిద్రలేమి దాన్ని ఎత్తి పట్టుకుంటాయి. ధైర్యం, నిద్ర, మనసు మరోదాని మీద ఉండడం దించుతాయి. ఆ సిద్ధాంతంలోని వివరాలు తర్వాత చాలా మారాయి. మెదడు పైనుంచి నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు అన్న ముఖ్యమైన మాట నిలిచింది. నొప్పి నెలల తరబడి సాగితే ఆ తూము ఎత్తిన చోటే తుప్పుపట్టి బిగుసుకుపోయినట్టు అవుతుంది. మొదటి దెబ్బ మానిపోయినా కబురు ఆగదు.

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికా వైద్యుడు ఇటలీలో గాయపడిన సైనికుల్ని చూశాడు. పెద్ద పెద్ద గాయాలైనవాళ్లలో నొప్పికి మందు కావాలని అడిగినవాళ్లు నాలుగో వంతు మందే. యుద్ధం నుంచి బతికి బయటపడ్డామన్న ఊరట వాళ్ల నొప్పిని అణచిందని ఆయన 1946లో రాశాడు. మా అమ్మ ఉప్పు మూట ఏ రాత్రి ఎందుకు పనిచేసిందో, ఏ రాత్రి ఎందుకు చేయలేదో ఇది చదివాకే నాకు తోచింది. పనిచేయని రాత్రుల్లో ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు గుర్తుతెచ్చుకుంటే, అప్పుల వాళ్లు వచ్చి వెళ్లిన రోజులే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

ఈ దారిలో పెద్దమనిషిగా చెప్పుకోవలసినవాడు జార్జ్ ఎంగెల్. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేశాడు. చదివింది జనరల్ మెడిసిన్, తర్వాత మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు. 1959లో నొప్పికి తొందరగా లోనయ్యే మనుషుల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో కొన్ని మాటలు నాకు నచ్చవు. రోగి తన తప్పులకు తానే శిక్ష వేసుకుంటున్నట్టు ఉంటుంది ఆ ధోరణి. తర్వాతి తరంవాళ్లు దాన్ని చాలావరకు పక్కన పెట్టడం మంచిదైంది. 1977లో 'సైన్స్' పత్రికలో ఆయన రాసింది మాత్రం వైద్య విద్యనే మార్చింది. రోగాన్ని కణాల్లోనే కాదు, మనసులో, ఇంట్లో, ఊరిలో కూడా చూడాలన్నాడు. ఆయనకు ఫ్రాంక్ అని కవల సోదరుడు. తనూ డాక్టరే. 1963లో గుండెపోటుతో పోయాడు. ఏడాది తిరగక ముందే జార్జ్‌కు కూడా గుండెపోటు వచ్చింది. బతికాడు. సోదరుడు పోయాక పదేళ్ల పాటు తన ఒంట్లో, తన కలల్లో ఏం జరిగిందో రాసుకుని తర్వాత ప్రచురించాడు. తనను తానే కేసుగా చూసుకున్న వైద్యుడు ఆయన.

చతుర్వేది పని కూడా ఈ దారిలోనే సాగింది. ఆస్ట్రేలియాకు చెందిన ఇస్సీ పిలోవ్‌స్కీ అనే మానసిక వైద్యుడు, జబ్బు పడినప్పుడు మనిషి నడుచుకునే తీరును కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేస్తే, వర్మతో కలిసి దాన్ని మన దేశానికి తగ్గట్టు మార్చిన బృందంలో ఆయనా ఉన్నారు. తర్వాతి రోజుల్లో క్యాన్సర్ రోగుల వైపు నడిచారు. ఇక్కడ నొప్పికి కారణం కళ్లెదుట ఉంది, గడ్డ ఉంది. అయినా ఒకే రకం గడ్డ ఉన్న ఇద్దరిలో ఒకరి నొప్పి ఎందుకు ఎంతకీ తగ్గదు? బ్రిటన్‌కు చెందిన పీటర్ మెగ్వైర్‌తో కలిసి దాని మీద పనిచేశారు. మరణానికి దగ్గరలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో డాక్టర్లకు, నర్సులకు నేర్పడం ఆయన పనిలో పెద్ద భాగమైంది. కారణం దొరకని నొప్పి దగ్గర మొదలైనవారు, కారణం తెలిసీ తీసేయలేని నొప్పి దగ్గరికి చేరడం నాకు చాలా సహజంగా కనిపిస్తుంది. రెండు చోట్లా కావలసింది ముందు వినడమే.

ఎక్స్‌రేల సంచితో వచ్చిన ఆమె దగ్గరికి మళ్లీ వస్తాను. నెల తర్వాత అదే సంచితో వచ్చింది. ఈసారి ఫిల్ములు చూడలేదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక కూర్చోబెట్టి, "ఇంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాను. గుమ్మం వైపు చూసింది. నేను లేచి తలుపు దగ్గరగా వేశాను.

ముందు పడిపోవడం గురించి చెప్పింది. బెల్లం పాకలో రసం ఒలికిన చోట కాలు జారి వెల్లకిలా పడింది. నెల రోజుల్లో తగ్గింది కూడా. ఆ తర్వాత పట్నంలో ఒక డాక్టరు ఫిల్ము చూసి, డిస్కు అరిగిపోయింది, బరువెత్తితే కాళ్లు పడిపోతాయి అన్నాడట. ఆ రోజు నుంచి వంగలేదు. నీళ్ల బిందె కోడలిదైంది, పొయ్యి కోడలిదైంది. ఎనిమిది నెలలుగా ఆమె చోటు అరుగు మీదే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. నొప్పి అసలే లేని 3,110 మంది వెన్ను స్కానింగులను సమీక్షించిన అధ్యయనం 2015లో వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. తల నెరిసినట్టే ఇదీ. నెరిసిన వెంట్రుకను చూపించి తలనొప్పికి కారణం ఇదేనంటే ఎలా ఉంటుందో, చాలాసార్లు ఇదీ అంతే. ఆ ఫిల్ము మీది ఒక్క మాట ఆమెను ఎనిమిది నెలలు కూర్చోబెట్టింది.

కాసేపు ఊరుకుంది. తర్వాత, పడిపోయిన ఆ నెలలోనే భర్త అరెకరం అమ్మేశాడని చెప్పింది. ఆమె తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. సంతకం పెట్టమన్నప్పుడు పెట్టింది. ఎందుకని అడగలేదు. ఇప్పుడు ఆ చేను పక్క నుంచే ఆసుపత్రికి రావాలి. "అక్కడికొచ్చేసరికి నడుం పట్టేస్తది బాబూ" అంది. ఈ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదంది.

భూమి అమ్మడం వల్లే నొప్పి వచ్చిందని నేను అనను. అలా తేల్చడం ఫిల్ము చూసి తేల్చడం లాంటిదే. జారిపడ్డ నడుం, భయపెట్టిన మాట, పోయిన చేను, జారిపోయిన వంటిల్లు అన్నీ కలిసి ఆ తూమును ఎత్తి పట్టుకున్నాయని మాత్రం అనిపించింది. ఆమెకు అదే చెప్పాను. నీ నొప్పి నిజం. నీ వెన్ను మాత్రం విరిగిపోలేదు. రోజూ ఒక చెంబు నీళ్లు నువ్వే తోడుకో. వారం తర్వాత చిన్న బిందె. రాత్రి నిద్రకూ, నరాల నొప్పికీ పనికొచ్చే మందు తక్కువ మోతాదులో రాశాను. డిప్రెషన్‌కు వాడే మందులు కొన్ని నొప్పికి పనిచేయడం వెనక రహస్యమేమీ లేదు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి తూమును దించే దారిలో పనిచేసే రసాయనాలూ, మనసు కుదురుకు కావలసిన రసాయనాలూ కొంతవరకు ఒకటే. ఎవరూ వాటిని సొంతంగా కొని వేసుకోకూడదు. భర్తను కూడా పిలిపించాను. వచ్చాడు. తలవంచుకుని కూర్చున్నాడు. ఆ మాటలు వాళ్లవి, ఇక్కడ చెప్పను.

నేను చేసింది కొత్త వైద్యం కాదు, అరకొరగా తెలిసిన దాన్ని పల్లెలో ప్రయత్నించడం. తర్వాత అమెరికాలో, కొలరాడోలో, దీన్ని పద్ధతి ప్రకారం పరీక్షించారు. నడుం నొప్పి ఉన్న 151 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు వారాల పాటు, వెన్నుకు ప్రమాదం లేదని, నొప్పి మెదడు మోగిస్తున్న తప్పుడు గంట అని అర్థమయ్యేలా చెబుతూ, భయపడే కదలికల్ని మెల్లగా చేయించారు. చివరికి ఆ గుంపులో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో, దాదాపుగానో పోయింది. ఉత్తి ఉప్పునీటి సూది వేసిన గుంపులో అది 20 శాతం, మామూలు వైద్యంలో 10 శాతం. చిన్న అధ్యయనమే, చదువుకున్నవాళ్లే ఎక్కువ. మన పల్లెల్లోనూ ఇంతే ఫలిస్తుందని అప్పుడే అనలేం. మన పల్లెల్లో చేసి చూడవలసిన అవసరం మాత్రం ఉంది.

అది అసాధ్యమేమీ కాదు. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పశ్చిమ గోదావరి పల్లెల్లో మానసిక వైద్యుడు పల్లబ్ మౌలిక్ బృందం ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, ఇంటింటా దిగులు, ఒత్తిడి గురించి అడగడం నేర్పింది. అలా గుర్తించినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించి, మళ్లీ ఇంటికెళ్లి పలకరించారు. అలా వైద్యం అందినవాళ్లలో డిప్రెషన్ తగ్గింది. ఇంటికొచ్చి అడిగేది తెలిసిన ఊరి ఆడపడుచే అయితే, తెల్లబట్ట సంగతైనా అమ్మిన చేను సంగతైనా తలుపు వేసే పని లేకుండా బయటికొస్తుంది. ఆ ప్రశ్నల్లో నొప్పిని కూడా చేర్చాలని నా కోరిక. ఎన్నాళ్లుగా నొప్పి, ఇంట్లో ఎలా ఉంది, ఈ రెండూ పక్కపక్కన అడగాలి.

వైద్యుడిగా ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. నడుం నొప్పితో పాటు మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గిపోతున్నా, ముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా, గట్టి దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మనసు సంగతి తర్వాత. ఇక దిగులుతో సతమతమవుతున్నవాళ్లు, చెప్పుకోవడానికి మనిషి లేనివాళ్లు 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నడుం నొప్పి గురించి మొదలుపెట్టినా ఫర్వాలేదు.

ఆమె మూడో నెల వచ్చినప్పుడు సంచి తేలేదు. ఫిల్ములేవమ్మా అంటే, కోడలు అటక మీద పెట్టిందంది. నొప్పి ఎలా ఉందని అడిగాను.

"ఉంది బాబూ. పోనేదు. అది దాని మానాన ఉంది. నాను నీల్లకెల్తన్నాను."

బల్ల మీద నుంచి లేచి, ఎనిమిది నెలలుగా అలవాటైనట్టు చెయ్యి నడుం మీద వేసుకోబోయి, మధ్యలో ఆపి, ఆ చేత్తోనే కొంగు సర్దుకుంది. మాడుగుల బస్సు హారన్ వినిపించి గబగబా బయటికి నడిచింది.